అడ్డు

బిల్లు పద్దెనిమిది వందలు.
మణికొండ ఫ్లాట్ పిలగాడు సామాను లారీకెక్కిచ్చుకుంట
జేబులు తడుముకున్నడు, నవ్విండు,
పైసలకు బదులు ఓ జాలీ పంజరం చేతుల వెట్టిండు.
"అంకుల్, దీన్ని పుణె దాంక తీస్కపోలేను."
లోపల ప్లాస్టిక్ కొమ్మ మీద
రెండు కండ్లతోని రెండు దిక్కులు జూసే పచ్చ జీవి.

మా స్పందన దానికి కరేపాకు అని పేరు వెట్టింది.
మా అత్త మూడు దినాలు వంటింట్లకెల్లి బయటికి రాలే.
"తొండ ముదిరి ఊసరవెల్లి అయితదంటరు,
నువ్వు ముదిరి ఏమైనవ్ అల్లుడా,
దాన్నే ఇంట్లకు తెచ్చినవ్."

ముప్పై ఏండ్ల సంది ఈ ఊరి అడ్డు దీస్తున్న.
ఎర్రగడ్డ సింకులు, అమీర్‌పేట హాస్టళ్ల బాత్రూములు,
వెంట్రుకలు, చాయ్‌పత్త, ఓసారి బంగారు ముక్కుపుడక,
ఓసారి చింపి పారేసిన ఉత్తరం.
ఏ పైపు యాడ మూలుగుతదో చెవి వెట్టి చెప్త.

గానీ కరేపాకు తినుడు మానేసిన సంగతి
నాలుగు దినాల దాంక నాకు సమజ్ కాలే.
మిడతను ముంగట వెడ్తె కన్ను తిప్పుతది, నాలుక రాదు.
కింద పరిచిన పేపరు పరిచినట్టే ఉన్నది.
రంగులు మారుస్తడని ఎంతమందిని తిట్టినమో
దీని పేరు వెట్టి, లీడర్లను, పాలోళ్లను.
అది నాలుగు దినాలు ఒక్కటే రంగుల ఉన్నది.
మాడిన పోపు రంగు.

మలక్‌పేట గల్లీల నుస్రత్ డాక్టరమ్మ
ఎక్స్‌రే లైటుకు పట్టింది.
అగ్గిపుల్లలసొంటి పక్కటెముకలు,
వాటి నడుమ ఉండ సుట్టుకున్న మబ్బు.
"ఏం మింగింది?"
నా పనిసంచి యాదికొచ్చింది.
జాలీకి ఏలాడేసిన సంచి, అండ్లకెల్లి
ఫ్యాను గాలికి ఆడే టేపు కొస.
తెల్ల టేపు. నల్లా మరకు మూడు సుట్లు సుడితె
సుక్క కారదు.
పురుగనుకున్నదేమో.

ఎంటనే చెప్పలే. మెట్లు దిగి, మళ్ల ఎక్కి, చెప్పిన.
ఆమె తిట్టలే.
"మాది బర్కస్. మా ముత్తాత, దీని ముత్తాత
ఇద్దరిదీ యెమెనే. చలి పడదు మాకు," అన్నది.
కొత్త బల్బు రాసింది. సూది లేని సిరంజి, నూనె సుక్క.
పొద్దుమాపు గోరెచ్చని జల్లు.
"మూడు దినాలు చూద్దాం. కాకుంటే కోయాలె."

నా దగ్గర స్ప్రింగు తీగ ఉన్నది, ఆసిడ్ డబ్బా ఉన్నది,
రబ్బరు పంపు ఉన్నది.
ఒక్కటీ అక్కెరకు రాలే.
రెంచీ పట్టి కాయలు గాసిన బొటనవేలు
దాని కడుపు మీద, ముంగటికెల్లి ఎనకకు,
పాల మీది మీగడ జరిపినట్టు.
నోరు దెరిచి బుసగొట్టింది. తర్వాత ఊకున్నది.
తోక నా చూపుడువేలికి సుట్టింది,
అచ్చం టేపు సుట్టినట్టు, మూడు సుట్లు.

రెండో రాత్రి కరెంటు పోయింది.
బోరబండ రేకుల మీద మంచు. బల్బు లేదు.
మా అత్త లేచొచ్చింది. ఏమనకుండ
నీళ్లు కాగబెట్టి, సీసల వోసి, తువ్వాల సుట్టి
పంజరానికి ఆనిచ్చి వెట్టింది,
దాని దిక్కు చూడకుండనే.

పదకొండు గంటలకు కోతకు పోవాల్సిన పొద్దు
స్పందన కేకేసింది.
పేపరు మీద, ప్లాట్లు అమ్మబడును అన్నకాడ,
మట్టిరంగు ఉండ, కొసకు తెల్లటి సున్నం ముద్ద,
నడుమకెల్లి దారం లెక్క నా టేపు.

ఈ షహర్ ఎళ్లగొట్టిందంతా చూసినోణ్ణి.
ముక్కు మూసుకున్న దినం లేదు, మురిసిన దినమూ లేదు.
ఇయ్యాల మోకాళ్ల మీద కూసున్న,
వాడకట్టంతా పిలిచి చూపియ్యాలనిపిచ్చింది.

డాక్టరమ్మకు ఫోన్ చేస్తె "ఏం రంగు?" అన్నది.
పేపరు మీదిదా, పంజరంల దానిదా?
రెండూ చెప్పిన.

సంచి ఇప్పుడు బయట మెట్ల కింద ఏలాడ్తది.
నిన్న పుణెకెల్లి ఆ పిలగాడు ఫోన్ చేసిండు,
బతికున్నదా అని.
పైసల మాట నేనూ ఎత్తలే.