ఏడు గొలుసులు

పంటు దిగి నేరుగా వచ్చినట్టుంది,
చీర కుచ్చెళ్ళు ఇంకా తడి.
కొల్లాటి సత్యవేణి
కొంగు ముడి విప్పి బల్ల మీద పెట్టింది
అగ్గిపెట్టెంత టేపు.

"ఇందులో దీవెనమ్మ ఉంది బాబూ.
ఆవిడ చేతిలో నెమలికన్ను అల్లిక ఉంది.
ఇప్పుడది ఎవరికీ రాదు.
కుట్లు లెక్కపెట్టుకుంటాను,
కనిపించేలా చెయ్యి."

నరసాపురం స్టేషన్ రోడ్డులో నాది పెళ్ళిళ్ళ స్టూడియో.
మొటిమలు తీస్తాను,
పెళ్ళికొడుకుల్ని ఓ ఛాయ పెంచుతాను.
కుట్లు లెక్కపెట్టే బేరం ఇదే మొదలు.

టేపు తిప్పాను.
ఎవరిదో బాప్తిస్మం. కాలవలో తెల్లబట్టలు,
పాట సగంలో తెగి
ఆ వెనకే, మిగిలిన టేపులో,
పదకొండు నిమిషాల రాత్రి.
కరెంటు లేదు. కిరసనాయిలు బుడ్డి.
దాని పక్కన ఒక ముసలి చెయ్యి ఉందేమోనని అనుమానం.
మిగతాదంతా నలుసులు,
ఎరుపూ ఆకుపచ్చా నీలమూ,
తొలకరి రాత్రి దీపానికి మూగిన ఉసిళ్ళలా
తెరంతా ముసురుకుని.

దీన్ని మా పనిలో నాయిస్ అంటాం.
చప్పుడు చెయ్యదు.
వెలుగు చాలనప్పుడు కెమెరా
కళ్ళు చికిలించి చెప్పే అబద్ధాలు, అంతే.

నా దగ్గర కొత్త ఏఐ ఉంది,
నెలకింత అని అద్దె.
లక్షల బొమ్మలు చూసి చదువుకున్నదట.
ముందు ఫ్రేమునీ వెనక ఫ్రేమునీ పిలిచి అడుగుతుంది:
నువ్వు చూశావా? నువ్వు?
అందరూ ఒప్పుకుంటే నిజం,
ఒక్కరే చూస్తే నలుసు.
వరదరోజుల ఎర్రనీళ్ళ బిందెలో
చిల్లగింజ అరగదీసినట్టు
రాత్రంతా తిరిగింది, గది వేడెక్కింది,
తెల్లారేసరికి తేటపడింది.

తేటనీళ్ళలో దీవెనమ్మ!
ముక్కు మీదికి జారిన కళ్ళజోడు,
చూపుడువేలికి చుట్టిన దారం,
దారం చివర, ఒడిలో, పువ్వుపువ్వుగా లేసు.
నాకు గర్వం వచ్చింది. దాచడమెందుకు.
టీ తెప్పించి మరీ చూపించాను.

సత్యవేణి తెరకి ముక్కు ఆనించింది.
పెదవులు కదిలాయి. ఆగాయి. మళ్ళీ మొదలు.
"ఐదు" అంది.
"గొలుసులు ఐదే ఉన్నాయి. ఆవిడ ఏడు వేసేది.
ఇక్కడ రెండు కన్నాలు పూడిపోయాయి.
ఇక్కడేమో లేని కుట్టు పడింది.
ఇది దీవెనమ్మ అల్లింది కాదు బాబూ.
అల్లికలు చాలా చూసినవాళ్ళెవరో
ఇలాగే ఉంటుందిలే అని అల్లింది."

ఏం మాట్లాడను.
లేసంటేనే కన్నాలు కదా,
దారం ఆ కన్నాలకి కట్టిన గట్టు.
కన్నంలో నిలిచిన చీకటినీ
కెమెరా చల్లిన నలుసునీ
ఎలా విడదీస్తుంది పాపం అది?
దానికెవరు చెప్పారు నరసాపురం సంగతి.

"పాతదే పెట్టు."
పెట్టాను. ఉసిళ్ళన్నీ తిరిగొచ్చాయి.
"మెల్లిగా."
సగానికి తగ్గించాను. పావుకి.
బొమ్మ ఆపితే ఏమీ లేదు, బూడిద.
నడుస్తుంటే మాత్రం
నలుసుల వెనక ఏదో లాగుతోంది, వదులుతోంది,
మళ్ళీ లాగుతోంది.
సత్యవేణి లేసు చూడటం మానేసింది.
మణికట్టు చూస్తోంది.

సంచిలోంచి సూదీ దారపుండా తీసింది.
తెర మీది చెయ్యి లాగితే తనూ లాగింది.
అది ఆగితే ఆగింది.
తప్పింది, విప్పింది, "వెనక్కి తిప్పు" అంది.
ఆల్బం కోసం వచ్చినవాళ్ళు గుమ్మంలో
చెప్పులు విప్పి, కాసేపు చూసి,
మళ్ళీ తొడుక్కుని వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం రెండింటికి
అరచేతిలో పెట్టి చూపించింది,
రూపాయి బిళ్ళంత కన్ను.
ఏడు గొలుసులు. నేనూ లెక్కపెట్టాను.

ఎనిమిదో మలుపు దగ్గర
టేపులో దీపం కొండెక్కింది.
అక్కడి నుంచి వట్టి నలుసులు,
ఇంకో నాలుగు నిమిషాలు.
ఆపబోయాను.

"ఉండనీ" అంది, సూది పైకెత్తి పట్టుకుని.
"చీకట్లోనూ అల్లేది ఆవిడ."