ముప్పై తొమ్మిదో లారీ

తాల్కావానో రేవులో తూకం గది.
అద్దం మీద ఉప్పు, లోపల కిరోసిన్ హీటరు వాసన.
కుర్చీలో ఎదువిహిస్,
పదకొండేళ్లుగా సార్డీన్ చేపల లారీలు తూస్తున్న మనిషి.

ఆ రోజు ఆమె దేనిదేనికి వద్దందో
తర్వాత కూర్చుని లెక్కపెట్టాను.
ఎవరూ అడగలేదు. నాకే కావాలనిపించింది.

పొద్దున్నే, లేవనని మొరాయించిన ఒంటికి.
బస్సులో కాలు తొక్కినవాడి మీదికి ఎగబోయిన మాటకి.
"కాస్త నవ్వుతూ పనిచెయ్యొచ్చుగా" అన్న మేనేజరు ముందు
నాలుక చివరిదాకా వచ్చి ఆగినదానికి.
మానేసి పద్దెనిమిది రోజులైన సిగరెట్టుకి, ఏడుసార్లు.
మొదటి లారీవాడు రెండు టన్నులు తగ్గించమన్నాడు, వద్దంది.
తొమ్మిదోవాడికీ అదే.
ఇరవై రెండోవాడు బతిమాలాడు,
ఇరవై ఆరోవాడు ఆమె తల్లిని తిట్టాడు.
వద్దు. వద్దు.

వద్దనే మాట ఊరికే రాదు.
కొబ్బరి కోరినట్టు
ప్రతిసారీ లోపల్నించి కొంత గీక్కుని వస్తుంది.
ఒక వేళకి పీట పళ్లకి చిప్ప తగులుతుంది,
గరగరమని.

రాత్రి మూడుంపావుకి ముప్పై తొమ్మిదో లారీ.
డ్రైవరు నిబాల్దో. మంచివాడు, అదే వచ్చిన చిక్కు.
బెదిరించలేదు, నోటు చూపించలేదు.
ఫ్లాస్కు మూతలో కాఫీ వొంపి చేతికిచ్చి
"ఇరవై నాలుగు రాసుకో తల్లీ" అన్నాడు,
వాన పడేలా ఉంది అన్నంత మామూలుగా.

తెరమీద ఎర్రంకెలు ఇరవై ఎనిమిది అంటున్నాయి.
చూసింది. చూడటమైతే చూసింది.
చెయ్యి ఇరవై నాలుగు రాసింది.
ఆశ పుట్టలేదట. భయమూ వెయ్యలేదట.
కాఫీ వేడిగా ఉందట.

నాలుగింటికి డ్యూటీ మారడానికి నేనొచ్చాను.
పాపకి పళ్లొస్తున్నాయి, మూడు రాత్రులుగా
భుజం మీదే దాని ఏడుపు.
మిషన్ చీటీలో ఒక అంకె, పుస్తకంలో ఇంకోటి.
నాకూ కనిపించింది.
ఇదేంటి అని అడగాలంటే
జవాబు వినే ఓపిక ఉండాలి.
పక్కన సంతకం పెట్టి, హీటరు దగ్గరికి జరిగాను.

ఆ నాలుగు టన్నులూ సముద్రంలోంచి పోయినవే,
ఏ పుస్తకంలో లేకపోయినా.

విచారణకి సాంటియాగో నుంచి ఒకాయన వచ్చాడు.
ఉదయం పదిన్నర. నున్నగా గీసిన గెడ్డం,
కడుపునిండా నిద్రపోయిన మొహం.
ఎంత తీసుకున్నావు? అన్నాడు ఆమెతో.

ఎదువిహిస్ నిజంగానే ఆలోచించింది.
మూతెడు కాఫీ, అంది.

ఆయన కలం పట్టుకుని చాలాసేపు చూశాడు.
రాసుకోలేదు.