బడి ముందర గడప

నాలుగున్నరకు సైన్సు పోరగాళ్లు పోయినంక
ఆ గది మాది.
తలుపు మీద 'భాషా సహాయ కేంద్రం' అని ఒక కాగితం,
గోందు ఊడిన మూల
ఫ్యాను తిరిగినప్పుడల్లా చెయ్యి ఊపుతది.
లోపల ఐదుగురు.
మొజాంబిక్ అన్నదమ్ములు ఇద్దరు, తజికిస్తాన్ పిల్ల గుల్‌నోరా,
ఎవరితో మాట్లాడని ఒక యెమెన్ పెద్దమనిషి,
ముతసిమ్.
ట్యూబులైటు వెనుక ఒక బల్లి.
నేను గంటల లెక్కన జీతం తీసుకునేదాన్ని.

ముతసిమ్‌కు 'ప' రాదు.
సూడాన్ల, వాళ్ల అరబ్బీల, ఆ అక్షరమే లేదట.
పేపరు బేపరయితది, పెన్ను బెన్నయితది,
పాలమూరు బాలమూరు.
పెదవుల ముందట కాగితం ముక్క పట్టి చెప్పిన:
నీ ఊపిరి తగిలి ఇది ఎగరాలె.
కాగితం కదల్లేదు గని
మా నవ్వులకు కిటికీ రెక్క కదిలింది.

మెట్టుగడ్డ కాడ బాలకిష్టమ్మ బండి.
"అమ్మా, పావుకిలో బల్లి" అన్నడట.
ఆమె గోడ దిక్కు చూసి, అతని దిక్కు చూసి
"గవి నేనమ్మను కొడుకా,
మా ఇంటి గోడకు ఉత్తగనే ఉంటయి" అన్నది.
అప్పుడు వేలితో చూపిచ్చిండు
ఉడకబెట్టిన పల్లికాయ, పొగలు లేస్తున్న కుప్ప.
అల్ ఉబయ్యిద్ అంగట్ల వాళ్ల నాయిన పల్లీల యాపారి,
గింజను గోటితో నొక్కి నూనె ఎంతుందో చెప్తడట.
మా నాయిన గూడ గట్లనే నొక్కేటోడు,
మార్కెట్ యార్డుల, కాంటా కాడ.
ఈ ముచ్చట ఇంగ్లీషుల చెప్పబోయి
గోటితో నొక్కుడుకు మాట దొరకక
చేత్తోనే చూపిన.

ఇంకో సంగతి, ఎవరికీ చెప్పనిది.
అతను 'ఇస్కూల్' అంటే నేను దిద్దుత,
ముందల 'ఇ' పెట్టొద్దు, సీదా దుంకాలె అంట.
మాగనూరు తెలుగు మీడియం నుంచి వచ్చి
ఇంటర్ల మొదటి దినం లేచి నిలబడి
"మా ఇస్కూల్ల ఇస్టేజి లేదు సార్"
అన్నది నేనే.
ఎనభై మంది నవ్విన చప్పుడు
ఇప్పటికీ సుద్దముక్క పట్టుకుంటే ఇనబడ్తది.
ఆ 'ఇ' తప్పు కాదేమో.
పరాయి మాటల కాలు పెట్టేముందు
నాలుక కట్టుకున్న గడపేమో.
చెప్పులిడిసి, ఒక్క నిమిషం ఆగి,
అప్పుడు లోపలికి.

పోయిన గురువారం వ్యాసమిచ్చిన: మీ ఇల్లు, పది వాక్యాలు.
ముతసిమ్ రాసిండు.
ఇల్లు పెద్దది. ఏడు గదులు. వాకిట్ల నిమ్మచెట్టు,
చెట్టు కింద అమ్మ మంచం.
అన్నీ వర్తమానంలనే.
ఆ ఇల్లు నిరుడు కాలిపోయిందని నాకు తెల్సు.
అమ్మ ఏ శిబిరంల ఉన్నదో
ఫోను కలిసిన రోజు తెలుస్తది, కలవని రోజు తెల్వదు.
ఎర్ర పెన్ను తెరిచిన.
'ఈజ్' కొట్టి 'వాజ్' రాయాలె.
రూలు గదే. చెప్పింది నేనే.

పెన్నుకు మూత పెట్టి అడిగిన,
ఈ మొదటి వాక్యం మీ భాషల ఎట్లంటరు?
"బైతీ కబీర్."
నా ఇల్లు, పెద్ద. అంతే.
మా ఇల్లు పెద్దది.
మా దాంట్ల గూడ నడుమ ఏం లేదు,
ఉన్నదా, ఉండెనా అని
ఇంటిని నిలదీసే మాట.

ఆఫీసు రిజిస్టరుల ఒక గడి ఉంటది, 'సవరించిన తప్పులు'.
ఆ రోజు నిమ్మచెట్టు స్పెల్లింగు ఒక్కటే దిద్దిన.
చదువు, అన్న.
లేచి నిలబడి చదివిండు పది వాక్యాలు,
ఏడు గదులల్ల ఒక్కటీ కూలకుండ.
ఆఖరి మాట కాడ ట్యూబులైటు వెనుక
టిక్ టిక్ మన్నది.
అలవాటుగ బల్ల మీద వేలితో కొట్టి
"సత్యం" అన్న.
ఏందది మేడం?
బల్లి, అని చెప్పిన.
బల్లి, అన్నడు.
ఇదొక్కటి మొదటి దినం నుంచీ
సక్కగనే అంటున్నడు.