వాషరు

ఫర్వానియాలో జూలై
నీళ్ళ పేర్లు తిరగబడే నెల.
నీలం చుక్క కొళాయిలో
మిద్దెమీది ట్యాంకు ఉడకబెట్టిన నీళ్ళొస్తాయి.
ఎర్రచుక్క కొళాయిలోనే చల్లటివి,
స్విచ్చి ఆపేసిన గీజరు కడుపులో దాచుకున్నవి.
పక్కగది ఖాజాబీ ఈ మర్మం చెప్పేదాకా
రెండు వేసవులు ఒళ్ళు కాల్చుకున్నాను.

ఆ గీజరే కారడం మొదలుపెట్టింది.
బొట్టుకీ బొట్టుకీ మధ్య
"ఈ నెల బాడిగ" అని ఒకసారి అనుకునేంత వ్యవధి.
కింద పాలపొడి డబ్బా పెట్టి
రాత్రి రెండింటికోసారి, తెల్లారుజామునోసారి
లేచి పారబోసేదాన్ని,
చంటిబిడ్డకు లేచినట్టు.

హారిస్ అబూ హమాదా గడప దాటకుండానే
ఏడు వేళ్ళు చూపించాడు.
ప్లంబరుకు ఏడు దీనార్లు, సామాను వేరే.
అతనికి నా పేరు తెలీదు, "ఇరవై మూడు" అంటాడు.
ఇరవై మూడు తలూపింది.
ఇరవై మూడు దగ్గర బుధవారం దాకా ఉన్నవి
రెండుముప్పావు.
బడి బస్సు తోలే మొగుడికి
బడులు మూస్తే సగం జీతం.

మా నాయన పంచాయతీ బోరింగులు బాగుచేసేవాడు.
సైకిలు వెనక స్పానర్ల సంచి పట్టుకుని నేను.
తమ్ముడికి నేర్పాలని ఆయన ఆశ,
వాడికి గ్రీజు వాసనకే వాంతి.
"బోల్టు మాట వినకుంటే బలం చూపద్దు పాపా,
వెనక్కి ఒక మర తిప్పు, అప్పుడు ముందుకు"
అని నాకు చెప్పలేదు, బోల్టుకు చెప్పుకునేవాడు.
నేను విన్నాను.

శుక్రవారం. ఓబులేసు ఎవరివో కార్లు కడగను పోయాడు.
ఖాజాబీ సెల్లు లైటు పట్టింది.
మొదట తప్పు వాల్వు మూసేశాను.
పై అంతస్తులో తలకు సబ్బుతో ఎవరో
తమిళంలో తిట్టారు, తర్వాత అరబ్బీలో,
ఎందుకైనా మంచిదని హిందీలో కూడా.
ఖాజాబీ నవ్వు ఆపుకోలేక లైటు ఊపేస్తుంటే
నా చేతులు ఎక్కడున్నాయో వెతుక్కున్నాను.

పాత వాషరు
ఎండిన అప్పడంలా వేళ్ళమధ్యే పొడయింది.
బకాలాలో కొన్న కొత్తది వదులు.
మార్చుకుందామని పోతే
నమాజుకు షట్టరు దించేశారు.
ఆ మూసిన షట్టరు ముందర నిలబడి
కాళ్ళకేసి చూసుకున్నాను.

హవాయి చెప్పు, ఎడమది, మడమ కాడ ఇంకా మందం.
నాయన తెగిన చెప్పుల తోలు మీద
అర్ధరూపాయి బిళ్ళ పెట్టి గీసేవాడు.
నేను ఇరవై ఫిల్సు బిళ్ళ పెట్టి గీశాను.
కూరగాయల కత్తితో కోశాను, నడిమికి
మేకు కాల్చి పొడిచాను.
గదంతా రబ్బరు కమురు, ఖాజాబీ దగ్గు,
మూకుడు మాడిందా అని బయటినుంచి ఎవరిదో కేక.

టేపు ఏడు చుట్లు, మర ఎటు తిరిగితే అటు.
వెనక్కి ఒకటి. ముందుకు.
వాల్వు తెరిచి
ఇద్దరం డబ్బాలోకి చూస్తూ నేలమీదే కూచున్నాం.
ఒక బొట్టు పడింది.
ఖాజాబీ కళ్ళు మూసుకుంది.
ఇంకొకటి రాలేదు.
ఆ ఒక్కటి ఎక్కడిదో ఇప్పటికీ తెలీదు.

రాత్రి లెక్కల పుస్తకంలో
"ప్లంబరు ఏడు" కొట్టేసి
టేపు నూటయాభై, పనికిరాని వాషరు వంద
అని రాశాను.
మిగిలిన ఆరుముప్పావు ఎక్కడ కలపాలో తోచలేదు.
లేని డబ్బు మిగిలితే
ఏ గడిలో రాస్తారు?

ఓబులేసు పదింటికొచ్చి స్నానం చేశాడు.
"నీళ్ళు సల్లగుండాయే" అన్నాడు.
గీజరు వైపు చూడలేదు.
నేనూ చెప్పలేదు, అన్నం పెట్టాను.

డబ్బా మాత్రం అక్కడే ఉంది, నమ్మకం కుదిరేదాకా.
బాత్రూం నుంచి వంటింటికి నడిస్తే
నా ఎడమ అడుగు తడిలో
ఒక గుండ్రటి పొడిచోటు,
ఇరవై ఫిల్సంత.