అక్రోటు మరక

కొండెక్కడానికి ఒక గుర్రం ప్రాణం ఖర్చయింది.
మిగతా దారి కాళ్ళతోనే.

అక్రోటు చెట్టు కింద నిలబడి ఉన్నాడు కఖాబెర్ రాజు,
కవచం తొడిగి, శిరస్త్రాణం చంకలో ఇరికించుకుని,
సంతలో బేరం తెగక ఆగిన రైతులా.
వెనక మూడొందల గుర్రాలు
తోకలతో ఈగల్ని తోలుకుంటున్నాయి.
వాటి వెనక కాకసస్ మంచు, ఏమీ పట్టనట్టు.

"ప్రభూ, వాగు దగ్గర యువరాజుని చుట్టేశారు.
ఎడమ పక్క విరిగింది.
గుర్రాలు కావాలి. ఇప్పుడే."

"బెష్కెన్ పడ్డాడా?"
"లేదు."
"గాయం?"
"భుజం మీద. పెద్దదేం కాదు."
"జెండా?"
"నిలబడే ఉంది."

అంతే. చాలాసేపు ఏమీ అనలేదు.
రాలిన పచ్చికాయొకటి వంగి తీసుకున్నాడు.
పిడికిట్లో నొక్కాడు.
తొక్క చిట్లి రసం మణికట్టు దాకా కారింది.

"నా మొదటి యుద్ధంలో," అన్నాడు, నాతో కాదు, కాయతో,
"మా నాన్న గుర్రాలు పంపాడు.
గెలిచాను.
ఇరవయ్యారేళ్ళయింది.
ఇప్పటికీ తాగితే చాలు, సామంతులు ఆ గెలుపుని
ముసలాయన గుర్రాల గెలుపనే అంటారు."

అప్పుడు నా వైపు తిరిగాడు.
"వెళ్ళు. ఈ రోజు వాడిదని చెప్పు."

దిగుతూ ఆ మాటని నోట్లో అటూ ఇటూ తిప్పాను.
ఎంత అందమైన మాట!
వారం నాటి రొట్టెముక్కలా, ఎంత నమిలినా గొంతు దిగదు.

ఇనప ముసుగు లోంచి పంతొమ్మిదేళ్ళ గొంతు:
"వస్తున్నారా?"
పక్కన మా తమ్ముడు షియో కూడా చెవి ఒగ్గాడు,
విరిగిన ఈటె మొండి పట్టుకుని.

"వస్తున్నారు" అన్నాను.

అబద్ధానికి ఎన్ని డెక్కలో!
పొద్దు వాలేదాకా మావాళ్ళు వాటి చప్పుడు వింటూనే పోరాడారు.
పొద్దు వాలాక గెలిచారు.
షియో వాగు రాళ్ళ మీద పడి ఉన్నాడు,
మొహం కొండ వైపు.

ఆ రాత్రి భూమిలో పాతిన ద్రాక్షసారా కాగులు తెరిచారు.
రాజు కొడుకు తల మీద చెయ్యి పెట్టాడు.
అరచెయ్యంతా నల్లగా.
అక్రోటు మరక కడిగితే పోదు,
పాత చర్మం రాలాలి.
పాటగాళ్ళు దాన్ని శత్రువు నెత్తురన్నారు.
నేను తాగాను, ఊరుకున్నాను.

చాలా ఏళ్ళకి, తండ్రి సింహాసనం మీంచి
బెష్కెన్ నన్ను పిలిపించాడు.
రేపు ఆయన కొడుకు మొదటి యుద్ధం.
"రారని నాకు అప్పుడే తెలుసు," అన్నాడు.
"మూడొందల గుర్రాలున్న చోటి నుంచి
నువ్వు నడిచొచ్చావు."

ఆయన ఇంకేదో అంటున్నాడు.
నాకు వినపడలేదు.

షియో కూడా నా కాళ్ళు చూసే ఉంటాడు కదా.