రసీదు మీద సంతకం

స్ట్రామ్‌నెస్‌లో నా ఉత్తరాల సంచీకి
వాన తడి ఎప్పుడూ ఆరదు.
ఆ వేళ అందులో అగ్గిపెట్టెకంటే కాస్త పెద్ద పొట్లం,
లండన్ ముద్ర, బీమా చీటీ.

గిడియన్ ఐస్‌బిస్టర్ తలుపు తీయడానికి
ఏడు నిమిషాలు పట్టింది.
డెబ్బై ఏళ్లు నడిచొచ్చిన పొట్లానికి
ఏడు నిమిషాలొక లెక్కా!

"ఏముంది లోపల?"
"పతకం తాతా. మూర్మాన్స్క్ దారిలో పోరాడినందుకు."
"ఎవరు?"
"మీరే."

మూడుసార్లు రాశాడట.
మీ ఓడ పేరు జాబితాలో లేదన్నారు మొదట.
అది యుద్ధం కాదు, కాపలా అన్నారు తర్వాత.
మూడోదానికి జవాబే లేదు. ఆ ఏడే ఇంగా పోయింది,
కాగితాల డబ్బాలో ముల్లంగి విత్తనాలు పోసుకున్నాడు.

ఆలస్యం అమృతం విషం అంటారు.
ఆయన నాలుక మీద రెండూ లేవు, వట్టి ఉప్పు.

మూత తీసి చూపించాను.
చేయి చాచాడు, చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.
కొక్కేనికి వేలాడే ఉన్ని తొడుగు తడిమి తీసి
కుడిచేతికి వేసుకుని
అప్పుడు అందుకున్నాడు.

"ఉత్త చేత్తో లోహం ముట్టకూడదమ్మాయ్.
ఫిరంగి మీద పేరిన మంచు
గొడ్డళ్లతో కొట్టేవాళ్లం.
పాటింజర్ అరచేతి తోలు
ఇంకా దానికే అంటుకుని ఉంది."

వంటింట్లో కెటిల్ ఈల.
అది జూన్ నెల.

రసీదు మీద సంతకం అడిగాను.
తొడుగు తీయలేదు.
వంకర గీతొకటి గీసి, పక్కన
ఎవరూ అడగని సంగతి రాశాడు:
ఆర్డినరీ సీమన్. వయసు పందొమ్మిది.

పోస్టాఫీసులో ఆ రసీదు చెల్లదన్నారు.
రేపు మళ్లీ వెళ్లాలి.