కాలరుకు ఏడు కుట్లు

ముషీరాబాద్ కూరగాయల మార్కెట్ ఎనక
రెండు బారల షట్టరు నాది.
పెండ్లి జాకెట్లు కుట్ట. ఫాల్సు ఎయ్య.
బోర్డు మీద ఒక్కటే మాట: యూనిఫారాలు.
బడి పిల్లలయి అనుకొని వచ్చినోళ్లు
లోపల యాలాడే తెల్లకోట్లు చూసి
కాంపౌండర్లయా అని అడుగుతరు.

కొట్టుకునేటోళ్లయి, అంట నేను.

కరాటేది పల్సటి కాన్వాసు.
గుద్దు గాలిల ఆగినప్పుడు
చెయ్యి అంచు టప్పుమని మోగాలె.
మోగకపోతే సుదర్శన్ మాస్టరు వాపసు తెస్తడు,
గుద్దుల లోపమని ఒప్పుకోడు, గుడ్డదే అంటడు.

తైక్వాండోది ముంగట తెరుచుకోదు,
తలకెల్లి తొడుక్కోవాలె.
ఆ పిల్లల పాయింట్లకు తొడలకాడ గుడ్డ ఎక్కువ ఇడుస్త,
కాళ్లు ఆళ్ల చెవులకంటె పైకి పోతయి మరి.

థాయిలాండోళ్లది సాటిన్ చెడ్డీ.
సూది కింద పాము లెక్క మెసులుతది.
పక్కలకు బెత్తెడు చీలిక. మోకాలే ఆళ్ల కత్తి.

కుంగ్‌ఫూ అంగీకి గుడ్డ ముడులే గుండీలు,
రాత్రిపూట టీవీ చూసుకుంట అల్లుత.

తార్నాకల ఒక పిలగాడు బ్రెజిల్‌ది నేర్పుతడు,
తెల్ల పాయింట్లు ఇరవై రెండు చెప్పిండు.
డాన్సుకా బిడ్డా అంటె
"కొట్లాటే అమ్మా. బానిసలు దొరల ముంగట
ఆట అని చెప్పి దాచుకున్నరట."
ఆ ఇరవై రెండు ఎందుకో జెర పైలంగ కుట్టిన.

గాంధీ దవఖాన నర్సు జిన్సీ, తమ్మునిది
కలరి నడుంగుడ్డ తెచ్చింది.
అంచు మడిచి కుట్టుడే నా పని,
మిగిలిందంత ఆయన చుట్టుకునుడే.

తాలీం యాసీన్ చాచాకైతే కొలతే లేదు.
ఎర్రగుడ్డ. లంగోట.
డెబ్బై ఏండ్లొచ్చినయి, ఏడాదికి రెండు కుట్టిచ్చుకుంటడు.
ఇప్పుడు ఎవ్వలతోని పడ్తున్నవ్ చాచా?
"మోకాళ్లతోని."

అన్నిట్ల మొండిది జూడో కోటు.
బియ్యపు గింజలసొంటి నేత.
ఎదుటోడు పట్టి గుంజాలెనని కుట్టే బట్ట
నా దుకాణంల ఇదే.
కాలరుకు నాలుగు మడతలు, ఏడు వరుసల కుట్టు.
పద్దెనిమిది నంబరు సూది గూడ ఇరుగుతది.

కాలరు ఎట్ల పట్టుకుంటరో నాకు తెలుసు.
పదకొండేండ్లు ఒక్కడే పట్టిండు.
అప్పటి నా జాకెట్లకు ఒక్క వరుసే కుట్టు.

మొన్న మెహజబీన్ వచ్చింది, ఎనిమిదో తరగతి,
చంకల కోటు, కాలరు తెగి ఏలాడబట్టింది.
"సాయంత్రానికి గావాలె అక్కా."
కూసొబెట్టి కుట్టుకుంటనే అడిగిన,
మొదలు మొదలు మీకు ఏం నేర్పిండ్రు పొల్లా, కొట్టుడా?
"పడుడు."
పడుడు గూడ నేర్పుతరా?
"రెండు నెలలు అదే.
గదువ ఛాతికి ఆనిచ్చుకోవాలె.
నడుము గుండ్రంగ చెయ్యాలె.
నేల మనల్ని కొట్టకముందే
మనమే చెయ్యితోని నేలను కొట్టాలె.
దెబ్బ చెయ్యి తింటది, తల తినది."
చాయ్ తాగినంత సులువుగ చెప్పింది.

దారం పండ్లతోని కొరికిన.
నేను గూడ మస్తు సార్లు పడ్డ.
నేలను ఎన్నడు కొట్టలె.

రాత్రి ఎనిమిదిన్నర. షట్టరు సగం దించి
వారం రోజుల ముక్కలన్ని కింద పరిచిన,
కాన్వాసు, సాటిన్, ఎర్రగుడ్డ, అన్ని దేశాలయి.
చీర కొంగు నడుముల చెక్కిన.
యాభై రెండేండ్ల నడుము, గుండ్రంగ అంటె అయితదా?
గదువ ఛాతికి.
పడ్డ.

చెయ్యి ఆలిస్యంగ వచ్చింది.
రెండోసారి అరచెయ్యి భగ్గున మండింది.
మూడోసారికి రీళ్ల డబ్బా ఊగి
గుండీలన్ని గలగల కిందికి.

పక్క ఇరానీ హోటల్‌కెల్లి గౌస్ ఒర్రిండు:
"క్యా గిరా అక్కా?"

కత్తెర, అన్న.

కొద్దిసేపు ఆగి
ఇంకోసారి కత్తెర పడ్డది.